దుప్పటికి అవతలి వైపు

దానమ్మ మా ఇంట్లోనే పడిపోయింది. పొద్దున తొమ్మిదింటికి నేను బడికి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. పక్షవాతంతో మంచాన ఉన్న నా భార్య రుక్మాబాయిని చక్రాల కుర్చీలోకి ఎత్తుతుండగా దానమ్మ నడుము పట్టేసింది. అయినా చేతులు వదల్లేదు. తాను కిందపడి, రుక్మాబాయి తన మీద పడేట్టు చేసుకుంది. రుక్మాబాయి ఒంటిమీద గీత కూడా పడలేదు.

నేను పరుగెత్తి వెళ్ళి ముందుగా అడిగింది నా భార్యకు ఏమైందనే. దానమ్మ సంగతి తర్వాత అడిగాను.

మా ఆదోనిలో, పక్కనున్న ఎమ్మిగనూరులో మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు ఆయాలను పంపే బ్యూరో ఒకటుంది. దాని యజమాని ప్రమోద్ ఒకప్పుడు నా క్లాసులో కూర్చున్నవాడే. గంటలో ఆటోతో వచ్చాడు.

"పేషెంటుకు ఏం కాలేదు గదా సార్?"

"ముందు దానమ్మను ఆస్పత్రికి తీసుకుపో."

"వీళ్ళకు ఇది మామూలే సార్. మీరేం టెన్షన్ పడొద్దు. మధ్యాన్నంలోపల ఇంకొకామెను పంపుతా."

అతను దానమ్మను ఆస్పత్రికి తీసుకుపోలేదు. కోసిగి బస్సు ఎక్కించి పంపేశాడు. ఆ మాట చెప్పింది ఆమె స్థానంలో వచ్చిన హనుమక్క. ఇద్దరిదీ ఒకే ఊరు.

"మిరపకాయల కోతకు గుంటూరు పోయేదాన్ని సారూ," అన్నది హనుమక్క. "ఆడ ఎండకు సచ్చేటోళ్ళం. అయినా సందేళకు ఇడిసేటోళ్ళు. ఈడ నీడపట్టునే. ఇడిసేదే లేదు."

ఇంకో మనిషి వచ్చేదాకా మంచం వదలకూడదన్నది బ్యూరో నియమం. ఆ ఇంకో మనిషిని బ్యూరో పంపదు. సెలవు లేదు, రాత్రీ పగలూ తేడా లేదు. ఇళ్ళవాళ్ళం కట్టేదాంట్లో సగం కూడా వాళ్ళ చేతికి అందదు. ఏడాదిగా దానమ్మ మా ఇంట్లో ఉన్నా ఇవేవీ నేను అడిగి తెలుసుకోలేదు.

మర్నాడు హనుమక్క నా భార్యను ఒక్కతే ఎత్తనన్నది. ఎమ్మిగనూరు మగ్గం దుప్పటిని రెండు మడతలు వేసి రుక్మాబాయి కింద పరిచింది.

"అవతలి పక్క మీరు పట్టుకోండి సారూ."

చెరో వైపు పట్టి లేపాం. ఎవరి నడుమూ నొప్పి పుట్టలేదు.

"ఈ పద్ధతి దానమ్మకు తెలీదా?"

"తెలుసు. అవతలి పక్కకు మనిసి యాడుండారు?"

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. మా అమ్మాయి శ్రీరక్ష, డిగ్రీ చదువుతున్న పిల్ల, అదీ ఉంది.

ఆయాలందరూ ఒకరినొకరు చూసుకునే చోటు మందుల షాపు. డైపర్ల కోసం పొద్దున పదింటికి వాళ్ళను బయటికి పంపుతారు. అక్కడ వరుసలో మొదలైన మాట ఆదివారానికి మా వరండాకు చేరింది. అరగంట అడుక్కుని పదకొండు మంది వచ్చారు.

అందరిలోకీ చిన్నది రూప. "ఒకే దినం అందరం మంచాలు ఇడిసిపెట్టి పోదాం. అప్పుడు తెలుస్తాది ప్రమోద్‌కు."

"మంచంలో ఉండేది ప్రమోద్ కాదు గదమ్మే," అన్నది లక్ష్మి. "నా ముసలాయన. తడిలో పండుకుంటే పుండ్లు పడేది ఆయప్పకు."

"నా ముసలాయనంట. కట్టుకున్నట్టే సెప్తాండావు," అన్నది రూప.

"కట్టుకున్నోడు యాపొద్దన్నా తిన్యావా అని అడిగినాడా? ఈయప్ప అడుగుతాడు."

అందరూ నవ్వారు. హనుమక్క నవ్వలేదు.

"మనం ఇడిసిపెట్టి పోలేమని వానికి తెలుసు. దాన్ని పట్టుకునే ఆడిస్తాండాడు. ఊరికే ఇడిసొద్దు. ముందు ఇంటోళ్ళకు నేర్పిద్దాం. ఎత్తేది, పక్క మార్చేది, తినిపిచ్చేది, కడిగేది, అంతా. వారం దినాలు. ఆమైన పోదాం."

"నేర్పిస్తే ఇంక మనతో పనేముంటాది?" అడిగింది రూప.

"రెండు దినాలు సేయనీ. మూడో దినానికి వాళ్ళే మన ఎనకాల వస్తారు." నా వైపు తిరిగింది. "ఏం సారూ, నడుమెట్లుంది?"

ఈసారి నన్ను చూసి నవ్వారు.

కోరికలు నేనే కాగితం మీద రాసిచ్చాను. దానమ్మకు వైద్యం. వారానికొక సెలవు, ఆ రోజుకు ఇంకో మనిషి. బరువైన రోగికి ఇద్దరు. ఇళ్ళవాళ్ళు కట్టేదాంట్లో ముప్పాతిక వంతు జీతం. ప్రమోద్ బదులు ఇవ్వలేదు.

బడికి సెలవు పెట్టాను. ఆ వారం విద్యార్థి నేనే. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మోకాళ్ళ మధ్య దిండు పెట్టాలి. మింగిందో లేదో గొంతు చూసి, ఆ తర్వాతే రెండో చెంచా. తప్పు చేస్తే హనుమక్క "మళ్ళా" అనేది. మళ్ళీ చేసేవాణ్ణి. నేనూ శ్రీరక్షా పక్క మార్చిన ప్రతి వేళనూ ఒక నోట్‌బుక్‌లో రాశాం.

సోమవారం పొద్దున ఆదోనిలోని పదకొండు మందీ బ్యూరో ముందు కూర్చున్నారు.

మంగళవారం పన్నెండింటికి రుక్మాబాయిని ఎడమ వైపుకు తిప్పాం. పన్నెండున్నరకు ఆమె ఊపిరి ఆగింది. మళ్ళీ స్ట్రోక్ వచ్చిందన్నాడు డాక్టరు. ఆమె ఒంటిమీద ఒక్క పుండు లేదు. హనుమక్క వచ్చి స్నానం చేయించింది. మా బంధువులు అభ్యంతరం చెప్పారు. నేను వినలేదు.

బుధవారం ప్రమోద్ కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఆయా వదిలేసి పోవడం వల్లే అమ్మ పోయిందని ఒక్క సంతకం సార్. అమ్మ చేతి భోజనం తిన్నోణ్ణి. ఊరికే వదల్ను."

"పక్క మార్చింది నేను," అన్నాను. "ఆ కాగితంలో నా పేరు రాసుకో."

అతను వెళ్ళి తన సంతకంతోనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. సాయంత్రం పోలీసులు బ్యూరో ముందు నుంచి హనుమక్కను తీసుకుపోయారు. మైలలో గడప దాటకూడదన్నారు ఇంట్లో. నోట్‌బుక్ తీసుకుని శ్రీరక్షతో స్టేషన్‌కు వెళ్ళాను.

"మాస్టారూ, మీరు దుఃఖంలో ఉన్నారు. ఇంటికి పొండి," అన్నాడు ఎస్సై.

"దుఃఖంలోనే ఉన్నాను. రాసుకోండి. ఆమె వదిలి పోలేదు, నేర్పించి పోయింది. చివరి వేళలో మంచం దగ్గర ఉన్నది నేను."

ఆయన నోట్‌బుక్ తెరవలేదు. లోపలి నుంచి హనుమక్క గొంతు వినిపించింది. "సారూ, శ్రీరక్ష పాప ఏమన్నా తిన్యాదా?"

బయటికొచ్చేసరికి ఆయాలందరూ గేటు ముందు కూర్చుని ఉన్నారు. వాళ్ళ వెనక ఇళ్ళవాళ్ళు నిలబడి ఉన్నారు. లక్ష్మి చూసుకునే ముసలాయన కొడుకు గోవిందన్న, పత్తి వ్యాపారి, నడుము మీద చెయ్యి పెట్టుకుని గేటు దగ్గరి కానిస్టేబుల్‌తో వాదిస్తున్నాడు. "మూడు దినాలకే నాకు ఇట్లయింది. లక్ష్మి మూడేండ్లు సేసింది. ఆ యమ్మ అడిగిందాంట్లో తప్పేముందప్పా?"

కోసిగి బస్సు దిగి దానమ్మ వచ్చింది. సగానికి వంగి, గోడ పట్టుకుని నడుస్తోంది. అందరూ జరిగి చోటిచ్చారు. కూర్చోలేక నిలబడే ఉంది. ఈసారి ముందుగా ఆమెనే అడిగాను, నొప్పి ఎట్లా ఉందని.

హనుమక్కను రేపు కోర్టుకు పంపుతామని కానిస్టేబుల్ వచ్చి చెప్పాడు. ఎవరూ లేవలేదు. కాసేపటికి రూప ఒక్కతే లేచి చీర దులుపుకుంది.

"నేను ఎమ్మిగనూరు పోతాండా. ఆడ బ్యూరోవి పద్దెనిమిది మంచాలుండాయి. రేపట్నుంచి ఆడ నేర్పియ్యాల." అందరి వైపూ చూసింది. "సేసి సూపియ్యాలంటే దుప్పటికి అవతలి పక్క పట్టేటోళ్ళు ఒకరు కావాల."

శ్రీరక్ష లేచి నా ముఖం చూసింది. వాళ్ళమ్మ పోయి రెండో రోజు.

"పో" అన్నాను.