కొక్కాలు లేని బండి

మా పాత హీరో హోండాకు వెనక రెండు పక్కలా ఇనుప కొక్కాలు ఉండేవి. బుగ్గారం కమ్మరి చేసి ఇచ్చాడు. ఒక్కో కొక్కానికి ఒక కల్లు కుండ వేలాడేది. సీటు మీద మోకు చుట్టి పెట్టేవాణ్ణి. చెట్టు ఎక్కేటప్పుడు నడుమునూ చెట్టునూ కలిపి వేసుకునే తాడు అది. దాన్ని మా ఇంట్లో ఎవరూ దాటరు, కాలితో తాకరు.

మా ఊరు బీర్పూర్ దగ్గర. తాళ్ళ వనం వాగు అవతల ఉంది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పోవాలి. తాటి గెల కొనను పూటపూటకూ కత్తితో పలచగా చెక్కితేనే కల్లు దిగుతుంది. నాలుగు పూటలు వదిలేస్తే కొన ఎండిపోతుంది. ఆ గెల ఇక ఆ ఏటికి పోయినట్టే. చెట్లు ఎండబెట్టుకొని కూర్చునేవాణ్ణి చూస్తూ గీత కార్మికుల సంఘం ఊరుకోదు. చెట్లు గీసేవాడికి ఇస్తుంది. అది న్యాయమే. మా బాపు చెయ్యి పడిపోయిన ఏడు ఆయన చెట్లు నాకు అట్లనే వచ్చాయి.

నా కొడుకు రాజేందర్‌కు జగిత్యాలలో ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. వాడు చెట్టు ఎక్కడం నేర్వలేదు. నేనూ నేర్పలేదు.

పోయిన ఎండకాలం చెట్టు నడుమ నా కాలు జారింది. మోకు ఆపింది. కాసేపు వేలాడి, మళ్ళీ కాలు ఆనించుకొని, ఆ చెట్టు గీసే దిగాను. ఇంట్లో చెప్పలేదు. రొమ్ము మీది గీరుడు చూసి మొగిలవ్వ కనిపెట్టింది. ఆమె నా పెండ్లాం. చెట్టు మీది నుంచి పడి మంచం పట్టినవాళ్ళను ఆమె మా వాడలోనే చూసింది. ఆ రోజు నుంచి తల్లీ కొడుకూ చెట్లు విడిచిపెట్టమని ఒకటే పోరు. నేను మాత్రం తెల్లవారగానే లేచి బండి తీసేవాణ్ణి. వాళ్ళకు నా జవాబు అదే.

మాఘమాసంలో రాజేందర్ తన ఫోనులో ఒక బండి బొమ్మ చూపించాడు. నల్లటి బండి. ముందర గాలి కొట్టకుండా అద్దం, వెనక అటొకటి ఇటొకటి తాళం వేసుకునే డబ్బాలు. గుర్రం ఎత్తు ఉంది. దూరప్రయాణాలకు చేసిన బండి అట. సిరిసిల్లలో ఒకాయన అమ్ముతున్నాడని, పాత బండి ఇచ్చి పైన కొంత కట్టుకుంటే వస్తుందని చెప్పాడు. వాడి దోస్తులకు అందరికీ అటువంటివే ఉన్నాయి. ఆదివారం ఆదివారం గుంపుగా ఎటో పోయి వస్తారు. వాడు ఒక్కడే ఎవరి వెనకనో కూర్చొని పోయేవాడు.

నేను ఫోను తిరిగి ఇచ్చేశాను.

వాడికి అర్థమైంది. తనే రోజూ పొద్దున వనం దాకా దించి దుకాణానికి పోతానని, మాపటికి తొందరగా వచ్చి మళ్ళీ తీసుకుపోతానని, నా నడుముకు కూడా కొత్త బండే నయమని చెప్పాడు. మొగిలవ్వ చేటలో బియ్యం చెరుగుతూ ఉంది. మా ఇంట్లో ఆమె కలుగజేసుకోని మాట ఉండదు. ఆ రోజు మాత్రం తల ఎత్తలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

సిరిసిల్లకు పాత బండి మీద ఇద్దరం పోయాం. నేనే నడిపాను. అమ్మే ఆయన పేరు దేవదాస్. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న ఉంటాడు. ఇంటి వెనక షెడ్డులో మరమగ్గాలు ఉన్నాయి. సగమే ఆడుతున్నాయి. ఆ చప్పుడులో మాటలు వినబడవని మమ్మల్ని బయటికి తీసుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. బండి ఆయన కొడుకు హరిప్రసాద్‌ది. ఆ పిల్లవాడు మగ్గాల పని ఒల్లనని హైదరాబాదులో కారు నడుపుకుంటున్నాడట. బండి గోనెపట్టా కింద పడి ఉంది. దేవదాస్‌కు నూలు బస్తాలు తెచ్చుకోవడానికి చిన్న బండి కావాలి. కొడుకు బండి ఆయన ఎక్కగలిగేది కాదు.

రాజేందర్ నల్లబండిని తిప్పి చూడటానికి రోడ్డెక్కాడు. దేవదాస్ మా హీరో హోండా చుట్టూ తిరిగి, వంగి, కొక్కాలను చేతితో ఊపి చూశాడు. అవి కదల్లేదు.

"ఇవి దేనికి గౌడన్నా?"

"కుండలకు."

"బస్తా ఆనిస్తె ఆగుతది గద?"

"ఆగుతది."

ఆయన ఇంకొకసారి ఊపాడు. రాజేందర్ తిరిగి వచ్చాడు. మొఖం వెలిగిపోతూ ఉంది. చిన్నప్పుడు జాతరలో కూడా వాడి మొఖం అట్ల చూడలేదు. దేవదాస్ నన్నే చూస్తూ అడిగాడు.

"నీ బండి ఇచ్చుడు నీకు ఇష్టమేనా?"

"మా బాపుకు ఇష్టమే," అన్నాడు రాజేందర్.

"నిన్నడుగుతలేను పిల్లగా. ఆయిన్నడుగుతున్న."

పొద్దునా మాపూ దించుతానని కొడుకు మాట ఇచ్చాడు. ఆ మాట మీద నేను తల ఊపాను. తాళంచెవి దేవదాస్ చేతిలో పెట్టాను. మోకు ఎప్పుడూ బండి మీదనే ఉంటుంది. దాన్ని విప్పి భుజాన వేసుకున్నాను. దేవదాస్ భార్య రాధమ్మ చాయ తెచ్చింది. నేను తాగలేదు.

నల్లబండి వెనక సీటు ముందు సీటు కంటే జానెడు ఎత్తు. ఎక్కడానికి రాజేందర్ బండిని అరుగు పక్కకు తేవాల్సి వచ్చింది. ఎక్కిన తరువాత పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒళ్ళు ముందుకే జారుతుంది. "నా నడుము పట్టుకో బాపు," అన్నాడు. పట్టుకున్నాను. పుట్టిన నాటి నుంచి నేను ఇంకొక మనిషిని పట్టుకొని ఎక్కడికీ పోలేదు.

కోరుట్ల మీదుగా వచ్చాం. అక్కడ యోహాను అని మెకానిక్ ఉన్నాడు. పాత బండికి ఏ సుస్తీ చేసినా అతడే చూసేవాడు. కొత్త బండి చెయిను, బ్రేకులు ఒకసారి చూపిద్దామని ఆగాం. రాజేందర్ ఫోను మాట్లాడుతూ రోడ్డు అవతలికి పోయాడు. యోహాను కూర్చొని చక్రం తిప్పుతూ, నా మొఖం చూడకుండానే అన్నాడు.

"మంచి పని చేసినవ్ కాకా. ఈ వయసుల ఇంకేం చెట్లు."

చెయినును వేలితో నొక్కి చూశాడు.

"రాజేందర్ పోయిన నెలనే చెప్పిండు. ఆ బండి ఉన్నన్ని దినాలు మా బాపు ఇడిసిపెట్టడు, బండిని ఎటన్న పంపిస్తె చెట్లు వాటంతట అవే పోతయ్ అని. మరి అవ్వ ఒప్పుకుంటదా అని నేనడిగిన. అవ్వనే ఈ ఉపాయం చెప్పింది అన్నడు."

అంటే మొగిలవ్వ. యోహాను పాపం మెచ్చుకోలుగానే చెప్పాడు. చెయినుకు నూనె వేసి, చేతులు తుడుచుకొని, బండి బాగుంది, భద్రాచలం దాకా పోయి రావచ్చు అన్నాడు. నేను భుజం మీది మోకును సరిచేసుకొని బండి ఎక్కాను. ఈసారి అరుగు లేదు. యోహాను నా కాలు పట్టి ఎత్తాడు.

ఆ రాత్రి మొగిలవ్వ అన్నం పెట్టింది. కూర ఎట్ల ఉందని అడిగింది. రోజూ అడగదు.

రెండోనాడు తెల్లవారకముందే లేచి నడుముకు కత్తుల ముస్తాదు కట్టుకొని, మోకు వేసుకొని వాకిట్లో నిలబడ్డాను. రాజేందర్ కండ్లు నులుముకుంటూ వచ్చాడు. మాట ఇచ్చాడు కదా, కాదనలేకపోయాడు. వాగు దాకా బాగానే పోయింది. వాగులో ఇసుక. పాత బండి అయితే కాళ్ళు ఆనించుకుంటూ దాటించేవాణ్ణి. ఈ బండి బరువుకు చక్రం సగం దిగబడింది. ఇద్దరం తోసి ఒడ్డుకు చేర్చేసరికి పొద్దు పొడిచింది.

చెట్లు గీసి దిగాను. కుండలు వేలాడదీయడానికి చోటు లేదని రాజేందర్ ప్లాస్టిక్ క్యాన్లు తెచ్చాడు. కల్లు వాటిలో పోసి, బిరడాలు బిగించి, పక్క డబ్బాలలో పెట్టి తాళం వేశాడు. గీత కార్మికుడి కొడుకు. కల్లు పొంగుతూ ఊపిరి విడిచే వస్తువని, దాని మూతి కట్టకూడదని వాడికి తెలియదు. నేను చెప్పలేదు. ఊరు చేరేలోపల వెనక నుంచి టప్‌మని మోత వచ్చింది. డబ్బా సందుల నుంచి నురగ కారి వేడి పొగగొట్టం మీద పడి మాడింది. ఆ కంపు బండిని వారం దాకా విడవలేదు. కల్లు అమ్మే మండువలో కూర్చున్నవాళ్ళు, రాజేందర్ బండి కూడా తాగడం నేర్చుకుంది అని నవ్వారు. వాడు నవ్వలేదు. డబ్బాలు కడుగుతూ నా వైపు చూశాడు.

"మూత పెట్టొద్దని చెప్తె అయిపోవు గద బాపు."

"నువ్వు కూడ చెప్తె అయిపోవు గద."

వాడి చేతిలోని బట్ట ఆగింది. యోహాను చెప్పాడని నేను అనలేదు. వాడికే తెలిసిపోయింది.

"చెప్తె నువ్వు బండి ఇద్దువా?"

"ఇయ్యకపోదును."

"గందుకే చెప్పలె."

మొగిలవ్వ గడపలో నిలబడి వింటూ ఉంది. కొడుకును ఏమీ అనొద్దని, ఆ తెలివి తనదేనని అంది. నువ్వు చెట్టు మీద ఉన్నంతసేపూ నేను ఇంట్లో పొయ్యి ముట్టించలేను, నీకు అది ఎన్నడన్నా తెలుసా అంది. తెలియదు. ఆమె ఎన్నడూ చెప్పలేదు. మా ఇంట్లో ఎవరమూ చెప్పుకునేవాళ్ళం కాము.

అయినా బండి మీద ఆదివారాలు తిరిగేది నేను కాదు. నా పాణం కోసమే అయితే ఆ పాత బండిని తీసుకుపోయి వాగులో పారేస్తే సరిపోయేది. నా పాణమూ నిజమే, వాడి సోకూ నిజమే. ఏది ఎంతో వాడికి కూడా తెలియదు.

తరువాత మూడు నాలుగు పూటలు నన్ను వనానికి దించి, తిరిగి తెచ్చాడు. ఒక మాపు దుకాణంలో గిరాకీ ఉందన్నాడు. ఇంకో పొద్దున చక్రంలో గాలి లేదన్నాడు. అబద్ధమా నిజమా నేను చూడటానికి పోలేదు. నడిచి పోయాను. పొద్దున పోయేసరికి ఎండ ఎక్కేది. ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకుంటే మళ్ళీ మాపటి వేళ అయ్యేది. రెండు పూటలు నడవలేక వనంలోనే ఉండిపోదామని చూశాను. కల్లు మండువకు చేర్చేవాళ్ళు లేరు. ఒక పూట గీసి ఒక పూట విడిచాను. అవతలి దరి చెట్లలో ఒకటి మొదట ఎండింది. గెల కొన మీద చేయి వేస్తే బెల్లం పాకం ఆరినట్టు గట్టిగా తగిలింది. దాన్ని మా బాపు గీశాడు. చెట్టు మీదనే కాసేపు ఉండి దిగాను. దాని పక్కది ఎండింది. దాని పక్కది.

సంఘం పెద్ద పరశురాములు ఇంటికి వచ్చాడు. నాకు వరసకు తమ్ముడు. వాకిట్లో నల్లబండిని చూసి, దాని చుట్టూ తిరగకుండా అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, నేనేం అనను. నువ్వే చెప్పు."

"మిగిలినయన్న ఎండకముందే తీసుకోండ్రి," అన్నాను.

మొగిలవ్వ లోపలికి పోయింది. పొయ్యి ముట్టించిన పొగ వచ్చింది.

చెట్లు అప్పజెప్పే పద్ధతి మాకు ఒకటి ఉంది. విడిచిపెట్టేవాడు ఆఖరిసారి ఎక్కి, గీసి, ఆ కల్లును చెట్టు మొదట్లో మా గీతవాళ్ళ దేవుడు కాటమయ్యకు సాకగా ధార పోస్తాడు. తరువాత తన కత్తి కొత్తవాడి చేతికి ఇస్తాడు. మోకు ఇవ్వాలని లేదు. చాలామంది ఇంట్లోనే మేకుకు తగిలించుకుంటారు.

ఆ పొద్దున రాజేందర్ పిలవకుండానే బండి తీశాడు. వాగు ఇసుకలో ఈసారి నేను దిగకముందే తను దిగి, ఒక్కడే తోశాడు. వనంలో పరశురాములూ, అతని చిన్న కొడుకు అఖిల్ ఉన్నారు. అఖిల్‌కు పెండ్లయింది, ఒక బిడ్డ. నా చెట్లు ఇక అతనివి.

రాజేందర్ కింద నిలబడి నేను ఎక్కడం చూశాడు. పెద్దయినంక అదే మొదటిసారి. కొనకు పోయి కిందికి చూస్తే వాడు రెండు చేతులూ కొంచెం చాచి నిలబడి ఉన్నాడు, పడితే పట్టుకునేవాడిలా. గీసి దిగాను. సాక పోశాను. కత్తి అఖిల్‌కు ఇచ్చాను. తరువాత మోకు కూడా విప్పి అతని భుజం మీద వేశాను.

"అది ఎందుకు బాపు," అన్నాడు రాజేందర్. "ఇంట్ల ఉంచుకుందాం."

"దేనికి? వేలాడదీసి సూసుకొనుడానికా?"

వాడు బండి తిప్పి ఒక రాయి పక్కన ఆపాడు, నేను ఎక్కడానికి వీలుగా.

"రా బాపు. గట్టిగ పట్టుకో."

"నువ్ నడువు. నేను నడిచి వస్త."

దూరమన్నాడు. ఎండన్నాడు. నేను అప్పటికే నడుస్తున్నాను. వాడు బండి ఎక్కి నా వెంట వచ్చాడు. ఆ బండి నా నడకంత మెల్లగా పోలేదు. దడదడలాడి ఆగిపోయేది. మళ్ళీ ముట్టించి కొంచెం ముందుకు పోయి నిలబడేవాడు. నేను చేరేదాకా చూసేవాడు, మళ్ళీ ముందుకు పోయేవాడు. వాగులో ఇసుక దగ్గర దిగి తోస్తూ ఉంటే నేను పక్క నుంచి దాటాను. చెయ్యి వేయలేదు.

రోడ్డు ఎక్కే చోట బండి ఆపేసి, అద్దం మీది దుమ్ము అరచేతితో తుడుస్తూ నిలబడ్డాడు. నేను దగ్గరికి వచ్చేసరికి ఏదో అనబోయాడు. నా భుజం ఖాళీగా ఉంది. ఎన్నో ఏండ్ల అలవాటుతో చెయ్యి అక్కడికే పోయింది. చెయ్యి దించుకొని, వాడిని దాటి ఊరి దిక్కు నడిచాను. వెనక బండి చప్పుడు చాలాసేపు వినబడలేదు.