సగం మీసం

పంపు పదకొండోసారి కొట్టేసరికి వెనక చక్రం గట్టిపడింది. పర్శరాములు బొటనవేలితో నొక్కి చూశాడు. జర్మనీ లడాయి మొదలైనప్పటి నుంచి కామారెడ్డిలో కొత్త టైరు దొరకడం లేదు. చిరిగినచోట తోలుముక్క వేసి మోచీ చేత కుట్టించాడు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ కుట్టు నేలకు తగిలి టక్కుమంటుంది. ఐదు నెలలుగా అతనికి ఆ చప్పుడుతోనే తెల్లవారుతున్నది.

భార్య ఎంకవ్వ రొట్టెల మూట తెచ్చి సైకిలుకు కట్టబోయింది.

"ఇయ్యాల ఎంత దూరం?"

"ఎల్లారెడ్డి."

ఆమె చేయి ఆగింది. "పన్నెండు కోసులు. పైకెల్లి అంగడి."

"అంగడున్నదనే."

"నలభై ఆరేండ్లు నీకు. గాయన మీసం తెచ్చిస్తే నేనేం కూర వండాలె?"

అతను ముడి తానే బిగించుకున్నాడు.

ఒకప్పుడు పర్శరాములు బెల్లం దుకాణానికి సైకిలు మనిషి. ఏ రైతు ఎప్పుడు గానుగ కడుతున్నాడో ఊరూరా తిరిగి కనుక్కొచ్చేవాడు. నిజాంసాగర్ కాలువల కింద చెరుకు పెరిగాక బండ్లు వాటంతటవే దుకాణానికి రావడం మొదలుపెట్టాయి. అతన్ని సైకిలు దింపి తూకానికి తరాజు దగ్గర కూర్చోబెట్టారు. జోకేవాడు బండి బండికీ బెల్లం ముక్క విరిచి నోట్లో వేసుకుని రకం చెప్పాలి. పదేళ్ళు ముక్కలు నమిలాడు. పొట్ట ధోవతి మీదికి జారింది. నాలుగు మెట్లెక్కితే ఎగశ్వాస వచ్చేది.

మాఘమాసంలో బండ్లు కిటకిటలాడుతున్న రోజు. దుకాణం లెక్కలు రాసే మునీము హన్మండ్లు మీసం మెలితిప్పుతూ వచ్చి అతన్ని తరాజు పళ్ళెంలో కూర్చోమన్నాడు. నవ్వులాట అనుకుని కూర్చున్నాడు. రెండో పళ్ళెంలో హమాలీలు బెల్లం దిమ్మలు పెడుతుంటే రైతులంతా లెక్క అందుకున్నారు. తరాజు ముందు మొదటిదాన్ని ఎవరూ ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం! రెండు! మూడు!" తొమ్మిదో దిమ్మకు గాని పళ్ళెం లేవలేదు.

"బెల్లమైతే అమ్ముడువోతది, గిదెవడు కొంటడు?" అన్నాడు హన్మండ్లు. బజారంతా నవ్వింది. సద్దికూడు పట్టుకుని వచ్చిన ఎంకవ్వ గడప దగ్గరే నిలబడి ఉంది.

"వచ్చే వారం సంది నేను ఎల్లారెడ్డి దుకాన్ల ఉంట. సైకిలెక్కి ఆడిదాక రా పర్శరాములూ! వచ్చిన్నాడు నడి అంగట్ల సగం మీసం గొరిగించుకుంట," అని పందెం కట్టాడు హన్మండ్లు.

ఆ సాయంత్రం ఎంకవ్వ ఇంట్లోని బెల్లం బుడ్డి పక్కింటికి ఇచ్చేసింది. అదే అతన్ని కాల్చింది.

మొదటినాడు రైలు గేటు దాకా కూడా పోలేకపోయాడు. గట్టు మీద కూలబడి కక్కుకున్నాడు. నెలన్నరకు భిక్నూర్ పోయి వచ్చాడు. జ్యేష్ఠంలో లింగంపేట. ధోవతి జేనెడు మిగలసాగింది. పాత బలం వస్తున్నందుకు అతనికి సంతోషం కలగలేదు. కాళ్ళు తొక్కుతుంటే మనసు ఒకటే ఆలోచించేది: ఎడమ పక్కదా, కుడి పక్కదా? చివరికి కుడిదే ఖాయం చేసుకున్నాడు. హన్మండ్లు మెలితిప్పేది ఆ పక్కే.

ఆషాఢపు వాన రాత్రే వెలిసింది. మొరం దారి మెత్తగా ఉంది. లింగంపేట బావి దగ్గర నీళ్ళు చేదుతున్న ముసలమ్మ గౌరవ్వ అతని దోసిట్లో పోసింది.

"గింత రొప్పుకుంట ఎటు వోతున్నవ్ బిడ్డా?"

"మీసం తేనీకి అవ్వా."

"నీకున్నది గదరా!"

"అది సాలది."

ముసలమ్మ నవ్వుతుంటే చేద ఒలికింది. అతను నవ్వలేదు. అక్కడి నుంచి ఎత్తు. దిగి నడిపించవచ్చు. దిగలేదు.

ఎల్లారెడ్డి అంగడి నిండింది. మంగలి ఎక్కడ కూర్చున్నాడో ముందే చూసిపెట్టుకున్నాడు. దుకాణం తలుపులు మూసి ఉన్నాయి. అరుగు మీద హమాలీ ఎల్లయ్య ఉన్నాడు.

"మునీము ఏడి?"

"ఇంటికాడ," అన్నాడు ఎల్లయ్య తల ఎత్తకుండా.

దాక్కున్నాడనుకున్నాడు పర్శరాములు. వాకిట్లోకే పోయి పిలుస్తా, నలుగురిలో బయటికి గుంజుకొస్తా అనుకుంటూ తొక్కాడు.

వాకిలి నిండా జనం. హన్మండ్లు చాప మీద పడుకుని ఉన్నాడు. దవడకు గుడ్డ కట్టారు. మీసం రెండు పక్కలా నిండుగా, నున్నగా దువ్వి ఉంది.

భార్య దేవవ్వ తల ఎత్తింది. చెమటతో తడిసిన అంగీ, మోకాళ్ళ దాకా బురద, వణుకుతున్న పిక్కలు చూసింది.

"మొకం కడుక్కునేటోడు కడుక్కునేటోడే ఒరిగిండు. జాము గాలే. గంతల్నే నీకెట్ల తెలిసిందే అన్నా? కామారెడ్డి సంది తొక్కుకుంట ఉరికొచ్చినవా?"

"పన్నెండు కోసులు! తోటి నౌకరంటే గట్ల ఉండాలె," అన్నాడు గోడవారనున్న పెద్దమనిషి. ఎవరో అతని చేతికి నీళ్ళ చెంబు ఇచ్చారు.

అతను చెంబెత్తి తాగాడు. మీసం వంకే చూశాడు. మొగోనివైతే లే, అన్నాడు లోపల. హన్మండ్లు లేవలేదు. అందరి ముందూ మాట ఇచ్చి, ఎవరికీ దొరకనిచోటికి జారుకున్నాడు.

"దూరంకెల్లి వచ్చినవు, నువ్వు ముందట పట్టు," అన్నాడు పెద్దమనిషి.

పట్టాడు. పాడె భుజం మీదికి రాగానే పదేళ్ళ తరాజు చేతులకు మనిషి మొత్తం బరువు లెక్క దానంతటదే తెలిసింది.

"ఐదు," అన్నాడు.

"ఏందే?" అన్నాడు పక్కన పట్టిన ఎల్లయ్య.

"ఐదే దిమ్మలు. గింతే మనిషి."

ఎల్లయ్యకు అర్థం కాలేదు. దుఃఖం అనుకుని వీపు నిమిరాడు. ఎవరూ నవ్వలేదు.

పొద్దు వాలాక అందరితోపాటు వచ్చి నీళ్ళ గోలెం దగ్గర కాళ్ళు కడుక్కున్నాడు. రాత్రికి ఉండమంటే ఉండనన్నాడు. దేవవ్వ చేతులు జోడించింది. తిరిగి జోడించకుండా సైకిలు తిప్పుకున్నాడు. కుట్టు టక్కుమంటూ దారి మలుపు దాకా వినబడి ఆగిపోయింది.

గోలెం అంచు మీద, పొద్దున హన్మండ్లు పెట్టినచోటే, నమిలిన వేపపుల్ల ఒకటి ఉంది. కుంచెలా చీలిన దాని కొస ఇంకా పచ్చిగానే ఉంది.