పెరిగిన మంచుకొండ

నిజామాబాద్‌లో మే నెల అంటే మనుషులే కరిగిపోయే కాలం. అలాంటి ఊళ్లో కూర్చుని మేము దక్షిణ ధ్రువం మంచుకొండలకు కాపలా కాసేవాళ్లం. పేరుకు దక్షిణ ధ్రువమే గానీ, మాకు దక్కే దక్షిణ మాత్రం తక్కువ. రెండువేల మూడు నాటి మాట ఇది.

ఖలీల్‌వాడిలో లింబాద్రి ఒక కంప్యూటర్ సెంటర్ పెట్టాడు. హైదరాబాద్ కంపెనీ ఒకటి వారం వారం అతనికి సీడీలు పంపేది. వాటి నిండా ఉపగ్రహం రాడార్‌తో తీసిన బొమ్మలు. మబ్బు పట్టినా, నెలల తరబడి చీకటి కమ్మినా ఆ రాడార్ కంటికి అడ్డు లేదు. నల్లటి సముద్రం మీద తెల్లటి పలకలు తేలుతూ కనబడేవి. ఒక్కో పలక మన కోటగిరి మండలమంత. వాటి అంచు వెంబడి మౌస్‌తో గీత గీయాలి, పొడవు కొలవాలి, ఈ వారం ఎక్కడికి కొట్టుకొచ్చిందో రాయాలి. ఆ జాబితా ఓడలవాళ్లకు వెళ్లేది. నేను సూపర్‌వైజర్‌ని. ఉపగ్రహం అనుగ్రహిస్తే అన్నం, లింబాద్రి ఆగ్రహిస్తే అవతలికి. నా ఉద్యోగం మొత్తం అంతే.

గీత గీసేవాళ్లు ఇద్దరు. శంకరమ్మ ఊళ్లోనే ఉండేది. గంగుబాయి బోధన్ రాకాసిపేట నుంచి రోజూ బస్సులో వచ్చేది. పదేళ్ల వయసు నుంచి బీడీలు చుట్టిన మనిషి. రేకు అచ్చు పెట్టి తునికాకు కత్తిరించిన వేళ్లు కాబట్టి నెల తిరక్కుండానే మౌస్ ఆమె మాట వింది. వేళ్లు బాగున్నాయి గానీ, బీడీ వల్ల ఊపిరే బీడు పడింది. తంబాకు దుమ్ము ఇంకా పీలిస్తే బతకవని డాక్టర్ చెప్పాడు. మా ఏసీ గదిలో కుర్చీ దొరికాక ఆమె దగ్గు తగ్గింది. అది కుర్చీ కాదు, ఆమె ఊపిరి.

పనికి ఒక నియమం ఉంది. మంచుకొండ పొడవు పద్దెనిమిది కిలోమీటర్లకు తగ్గితే జాబితాలోంచి తీసేయాలి. అది సముద్రంలో ఉంటుంది, కాగితం మీద ఉండదు. ఆ వేసవిలో గంగుబాయి ఆరునెలలుగా గీస్తున్న పెద్ద కొండ ఒకటి రెండుగా విరిగింది. చిన్న ముక్క వారం వారం అరిగిపోతోంది.

ఒకరోజు లింబాద్రి వచ్చి, నిలబడే జాబితా లెక్కపెట్టాడు.

"పదకొండే ఉన్నయి. పది అయినయంటే ఇద్దరికి పని ఉండది, ఒక కుర్చీ తీసేస్త. శంకరమ్మ ముందుగాల వచ్చింది, ఆమె ఉంటది. ఏమనుకోకు గంగుబాయి."

అతను వెళ్లాక గంగుబాయి తెర మీది ముక్కను కొలిచింది. పద్దెనిమిదికి రవ్వంత తక్కువ. మళ్లీ కొలిచింది. మంచు ఎవరి మొహమాటానికీ పెరగదు.

"రాజమల్లన్నా, ఇది పోతే నేనూ పోయినట్టేనా?"

గది బరువెక్కితే తేలిక చేయడం నాకున్న రోగం. నోరు ఊరుకోలేదు.

"బీడీల కాడ ఆకు చిన్నగుంటే ఏం జేస్తవ్ చెల్లె?"

"ఇంకో ముక్క జోడు పెట్టి సుడ్త."

"మరింకేంది? మంచుకు గూడ జోడు పెట్టు. కొండకు తోడు, నీకు జోడు!"

శంకరమ్మ పకపకా నవ్వింది. గంగుబాయి నవ్వలేదు. నేను చాయ్ తాగడానికి బయటికి పోయాను.

ఆ వారం జాబితాలో పదకొండు ఉన్నాయి. పైవారమూ పదకొండే. నేను సంతకం పెట్టాను. నా పనే చూసి పెట్టడం. నేను పెట్టాను గానీ చూడలేదు.

మూడో వారం హైదరాబాద్ నుంచి ఒక సారు దిగాడు. చేతిలో మా బొమ్మలు. ముక్క పక్కన తేలుతున్న పలచటి మంచుపెళ్లలు రెండు, మూడు కలుపుకుని గీత చుట్టూ తిరిగి వచ్చింది. ఎంత ముచ్చటైన గీత! కలిసిన చోటు కనబడదు.

"కరిగిపోవాల్సిన మంచుకొండ వారానికో కిలోమీటర్ పెరుగుతోంది. కడుపుతో ఉందా ఏమిటి?" అన్నాడు సారు. నేను అనాల్సిన జోకు ఆయన అన్నాడు. ఎవరూ నవ్వలేదు. "ఎవరు గీయమన్నారు?"

గంగుబాయి నా వైపు చూసింది. ఒక్కసారే.

నాకు ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు, షుగరు. ఇవన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయని చెబితే అబద్ధం. అసలేమీ గుర్తు రాలేదు. నోరు ఉందన్న సంగతే గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లుగా మూతపడని నోరది.

"నేనే గీసిన సార్. బీడీల కాడి అలవాటు," అంది గంగుబాయి.

ఈ మనిషిని తీసేస్తేనే కంపెనీ ఇక పని పంపుతుందని సారు అన్నాడు. లింబాద్రి తలూపాడు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, బస్సు టైమ్ కాకముందే వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ముక్క పేరు నేనే కొట్టేశాను. పది మిగిలాయి. కుర్చీ ఒకటి.

మూడు నెలలకు బోధన్ వెళ్లాను. చెరకు బళ్లు అప్పటికింకా మొదలుకాలేదు, రోడ్డు బోసిగా ఉంది. రాకాసిపేటలో గంగుబాయి గడప దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, ముక్కుకు కొంగు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలు, చాట చూడగానే చెల్లాచెదురైపోయాయి.

"ఆ దినం నేను నవ్వులాటకన్న చెల్లె," అన్నాను.

"నవ్వులాటకని నాకు తెల్వదా అన్నా?" ఆమె కత్తెర ఆపలేదు. "పానం మీదికొచ్చింది గదా, నవ్వులాట మాటే పట్టుకున్న. నువ్వు గానీ, గా సారు అడిగినప్పుడు గూడ ఒక నవ్వులాట మాట అంటే అయిపోతుండె. ఎందుకనలే?"

అప్పుడే దగ్గు తెర వచ్చింది ఆమెకు. చాట రెండు చేతులా ఎత్తిపట్టుకుని, తంబాకు ఒలకకుండా దగ్గింది. చాలాసేపు దగ్గింది. నేను నీళ్ల చెంబు అందించాను. తాగి, కళ్లు తుడుచుకుంది.

"గా ముక్క యాడికొచ్చిందన్నా?"

"తెల్వదు చెల్లె. జాబితాల లేదు గదా, ఎవ్వలు సూస్తలేరు."

"ఉన్నదో, కరిగిందో?"

"గదీ తెల్వదు."

ఆమె సరే అన్నట్టు తలూపి, కట్టలోంచి ఒక ఆకు తీసింది. చిన్న ఆకు. అచ్చు కింద పెడితే ఒక పక్క చాలలేదు. ఇంకో ఆకులోంచి ముక్క కత్తిరించి జోడించి, తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి నా ముందు పెట్టింది.

ఎండలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. జోడు ఎక్కడుందో నాకు కనబడలేదు.