దండ పడిన గోల్‌కీపరు

ఆవును గోల్‌ స్తంభం నుంచి విప్పి, చెరకుతోట గట్టు మీదికి తోలి, అది తీరిగ్గా వేసిన పేడను పారతో ఎత్తి కంచె అవతల పోసి, ఆర్మోగం మళ్ళీ సున్నం డబ్బా దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఆ ఆవు ఎవరిదో ఫిజీ దీవిలోని ఆ వైసారి ఊళ్ళో అందరికీ తెలుసు. ఫుట్‌బాల్‌ క్లబ్బు ప్రెసిడెంటు దయానంద్‌ది. అందుకని ఎవరిదో తెలియనట్టే అందరూ నడుచుకుంటారు. ఆర్మోగం మాత్రం దాన్ని విప్పేటప్పుడు రోజూ పేరు పెట్టి పిలుస్తాడు.

"పద ప్రెసిడెంటూ, ఇంక మైదానం వదులు."

ఆర్మోగం పొడుగాటి మనిషి. చేతులు మోకాళ్ళను అందుకుంటాయి. వేళ్ళు అల్లం కొమ్ముల్లా తలో దిక్కుకీ వంగి ఉంటాయి. మొహం తూర్పుకి తిరిగితే ముక్కు ఈశాన్యం చూస్తుంది. పంచదార మిల్లులో చెరకు రైలు పెట్టెలకి కొక్కేలు తగిలిస్తూ వయసంతా గడిపాడు. సాయంత్రాలు ఈ మైదానంలో గడిపాడు. మిల్లువాళ్ళు ఇంక చాలు ఇంటికి పొమ్మన్నాక పగళ్ళు కూడా ఇక్కడికే తెచ్చుకున్నాడు. గడ్డి కోస్తాడు, సున్నంతో గీతలు గీస్తాడు, వల చిరిగితే కుడతాడు, కమిటీ కూర్చుంటే యాంగోనా అనే మత్తు వేరుతో గ్రాగు కలిపి పోస్తాడు.

ఆడే రోజుల్లో అతను రెండో గోల్‌కీపరు. మొదటివాడికి జ్వరం వస్తే ఆడవలసినవాడు. ఆ మొదటివాడు ఉక్కుపిండం. వానలో ఆడాడు, ఎండలో ఆడాడు, పెళ్ళైన మర్నాడు కూడా వచ్చి ఆడాడు. ఒక్కసారి తుమ్మలేదు. ఆర్మోగం అంచున బెంచీ మీద చేతితొడుగులు వేసుకుని కూర్చుని, ఆట అయ్యాక విప్పేసి ఇంటికి వెళ్ళేవాడు. అవి ఎంత శుభ్రంగా ఉండేవంటే, భార్య అంగమ్మ వాటిని ఉతకడం మానేసింది.

చివరికి, కప్పు ఫైనలు రోజున ఉక్కుపిండం చెడిపోయిన పీత కూర తిన్నాడు.

ఆ ఆట గురించి వైసారిలో ఇప్పటికీ తగువే. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు. ఆట ముగియబోతుండగా నది అవతలి జట్టుకి పెనాల్టీ దొరికింది. వాళ్ళవాడు ఎద్దులా పరిగెత్తుకొచ్చి తన్నాడు. ఆర్మోగం కళ్ళు మూసుకున్నాడు. బంతి వచ్చి ముక్కుకి తగిలి, పైకి లేచి, స్తంభాల మీదినించి చెరకుతోటలో పడింది. కప్పు వైసారికి వచ్చింది. ఆర్మోగానికి తెలివి వచ్చేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. అప్పటికే మేకను కోసి విందు ముగించేశారు. ఒక గిన్నెలో పులుసు మాత్రం పంపారు. ముక్కలు దారిలో ఎవరో తినేశారు.

ఆ తర్వాత ఉక్కుపిండం పీతల జోలికి వెళ్ళలేదు. ఆర్మోగం మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

ఇప్పుడు క్లబ్బు గదికి కొత్తగా సిమెంటు గోడ కట్టారు. తలుపుకీ కిటికీకీ మధ్య ఏడు ఫొటోలు పడతాయి. క్లబ్బుకి పేరు తెచ్చిన పాత ఆటగాళ్ళవి అక్కడ పెట్టాలని కమిటీ అనుకుంది. అనుకోవడం ఒక్క సాయంత్రంలో అయింది. ఎవరివి పెట్టాలన్నది తేలడానికి చెరకు నాటిన దగ్గర్నించి కోతలదాకా పట్టింది.

యాంగోనా వేరు దంచి, నీళ్ళలో పిసికి, కొబ్బరి చిప్పతో ఒక్కొక్కరికీ అందించేవాడు ఆర్మోగమే. పోసేవాడు పోయాలి, మాట్లాడకూడదు. అది అక్కడి మర్యాద. అందుకని అన్నీ విన్నాడు. ఒకడు లెక్కలేనన్ని గోల్స్‌ కొట్టాడు గానీ, సైకిలు ఇస్తామనగానే నది అవతలి జట్టుకి పోయాడు. వాడు వద్దన్నారు. ఇంకొకడు బంగారంలాంటి ఆటగాడు గానీ, కెప్టెను చెల్లెల్ని చెప్పకుండా పెళ్ళాడాడు. ఆ కెప్టెను ఫొటో ఉన్న గోడ మీద వాడి ఫొటో ఎలా పెడతారని కెప్టెను కొడుకులు వచ్చి అడిగారు. పోనీ చెరో చివరా పెడదామన్నారు. బస్సుల యజమాని హరిచరణ్‌ తన పేరు తనే చెప్పి, తనే బలపరిచి, చెయ్యి కూడా తనే ఎత్తాడు. ఒకప్పుడు గాలిలా పరిగెత్తినవాడే. ఇప్పుడు తన బస్సులో తనే పక్కకి తిరిగి ఎక్కుతాడు. ఫిజీ మూలవాసుల దొర కుటుంబంలోవాడు ఆపెనీసా, ఆ ఫైనల్లో గోలు కొట్టినవాడు. అతనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పడానికి అతని భుజాలంత గుండె కావాలి.

ఏడో చోటు దగ్గర బండి ఆగిపోయింది. సెక్రటరీ రఫీక్‌ మాస్టారు ఆర్మోగం పేరు తీశాడు. దయానంద్‌ నవ్వాడు.

"మాస్టారూ, బంతిని ఆపింది మనిషా, ముక్కా?"

"ముక్కు ఎవరిదయ్యా?"

"ఎవరిదైతేనేం, కళ్ళు మూసుకున్నాడు కదా."

"బంతి లోపలికి వెళ్ళిందా, లేదా? మిగతాది దేవుడి పని."

తన ముక్కు గురించి వాళ్ళు అలా వాదించుకుంటుంటే, ఆ ముక్కు కిందనించే ఆర్మోగం చిప్ప వెనక చిప్ప అందించాడు. చివరికి, ఎవరైనా అభ్యంతరం చెబితే అందరికన్నా ముందు దిగేది అతని ఫొటోయే అన్న షరతు మీద ఏడో చోటు ఇచ్చారు.

ఆవుని విప్పి తోలిన ఆ రోజు సాయంత్రమే గోడకి ప్రారంభం. ఆర్మోగం గీతలు గీయడం ముగించి, చేతులు కడుక్కుని, ఫొటోలు తగిలించాడు. అతనికి విడిగా ఫొటో లేదు. జట్టంతా కూర్చున్న ఫొటోలోంచి అతని తలను కత్తిరించి పెద్దది చేయించారు. భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. ముక్కు ఇంకా తిన్నగా ఉన్నప్పటిది. నిచ్చెన దిగి చూశాడు. మళ్ళీ ఎక్కి, వంకర లేకపోయినా, కొంచెం సర్దాడు. ఇల్లు, అంగమ్మ, కోళ్ళు, ఆ మైదానం, ఇవి కాక అతను ఇంతవరకూ ఏదీ కోరలేదు. ఈ ఒక్కటీ అక్కడ ఉండిపోవాలని మాత్రం ఉంది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర అంగమ్మకి కూడా చెప్పలేదు. అయినా ఆవిడ, పెట్టెలోంచి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టింది.

సాయంత్రం మగవాళ్ళు క్లబ్బు వెనక గ్రాగు దగ్గర కూర్చుని ముఖ్య అతిథి కోసం ఎదురుచూస్తున్నారు. మొదటి పొరపాటు అదే. దయానంద్‌ తన భార్యతో, పెద్ద ఆటగాళ్ళకి దండలు తెమ్మని చెప్పాడు. వేదిక మీద మెడలో వేయడానికి అని చెప్పలేదు. భజన మండలి ఆడవాళ్ళు బంతిపూల దండలు బుట్టలో పెట్టుకుని వచ్చారు. ముందు వైపు మనుషులు లేరు. గోడ మీద వరసగా అద్దాలు కట్టిన ఫొటోలున్నాయి. ఫొటోకి దండ వేయడమంటే ఏమిటో తెలియనిది ఎవరికి? ఏడింటికీ దండలు వేశారు. అద్దాల మీద కుంకుమ బొట్లు పెట్టారు. అగరొత్తులు వెలిగించి, కింద చాప పరుచుకుని, పోయినవాళ్ళ ఆత్మకి దారి చూపమని భజన ఎత్తుకున్నారు.

జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చెప్పులు విడిచి, తలలు వంచుకుని నిలబడ్డారు. హరిచరణ్‌ ఎప్పుడు పోయాడని ఒకరు అడిగారు. పాపం నిన్ననే బస్సులో నన్ను తిట్టాడు, ఇంతలోనే ఎంత ఘోరం అని ఇంకొకరు కళ్ళు తుడుచుకున్నారు. బతికున్నప్పుడు అతనంటే గిట్టనివాళ్ళు కూడా మంచి మనిషి అన్నారు. హరిచరణ్‌ భార్య అప్పుడే బస్సు దిగి వచ్చింది. భర్త ఫొటో చూసింది, పాట వింది, నుదుటి సిందూరం మీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. ఆవిడ వెనకాలే, పక్కకి తిరిగి బస్సు దిగుతున్న హరిచరణ్‌ని చూసి భజన ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగిన గోల గోడ అవతల గ్రాగు దగ్గరికి కూడా వినిపించింది. నన్ను చంపడానికి మీకెంత తొందర అని హరిచరణ్‌ కమిటీ మధ్యకి వచ్చి పడ్డాడు. రఫీక్‌ మాస్టారు అందరివీ దండలు తీసేద్దామన్నాడు. నిజంగా పోయినవాళ్ళ దండలు తీస్తే పాపమని ఆడవాళ్ళు అడ్డుపడ్డారు. సరే, బతికున్నవాళ్ళవి తీద్దామన్నాడు. అప్పుడు హరిచరణ్‌ అల్లుడు లేచి, పక్కవాళ్ళందరికీ దండలుండి మా మామకి లేకపోతే చూసేవాళ్ళు ఏమనుకుంటారని అడిగాడు. దండ ఉంటే ఒక ఏడుపు, లేకపోతే ఇంకొక ఏడుపు. దయానంద్‌ తల పట్టుకుని, ఆఖరికి తీర్పు చెప్పాడు. గోడ పోయినవాళ్ళకే. బతికున్న ముగ్గురివీ దింపేయాలి. ఎవరి వేళ వచ్చినప్పుడు వాళ్ళు ఎక్కుతారు.

బాగుందన్నారు అందరూ. హరిచరణ్‌ కూడా, తొందరేం లేదన్నాడు.

"ఆర్మోగం, నిచ్చెన తే" అన్నాడు దయానంద్‌.

ఆర్మోగం చేతిలో నిండు చిప్ప ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా గిన్నెలోకి వంపేశాడు. అలా చేయడం అక్కడ ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"నాది దింపొద్దు" అన్నాడు.

ఆ గొంతు అక్కడ అంతవరకూ విన్నవాళ్ళు లేరు.

"దండతో ఉంటే చచ్చిపోయావనుకుంటారన్నా" అన్నాడు దయానంద్‌.

"అనుకోనీ. బెంచీ మీద కూర్చున్నన్నాళ్ళూ నేనున్నానని ఎవడనుకున్నాడు?"

ఆపెనీసా పెద్దగా నవ్వి తొడ చరిచాడు. "మా ఊళ్ళో అయితే దండ బతికున్నవాడికే వేస్తారు. చచ్చినవాడు దాన్నేం చేసుకుంటాడు? నాదీ ఉంచండి."

దయానంద్‌కి ఇంకా భయం పోలేదు. ఆ ఇంటి ఆడమనిషి ఒప్పుకోవాలి కదా అని అంగమ్మని పిలిపించాడు. ఆడవాళ్ళందరూ ఆవిడ వెనకాలే వచ్చారు, పడితే పట్టుకుందామని. అంగమ్మ ఫొటో ముందు నిలబడి, కొంగుతో అద్దం మీది అగరొత్తి బూడిద తుడిచి, దండని వేళ్ళతో తడిమి చూసింది.

"పెళ్ళిలో వేసినదానికంటే ఇదే లావుగా ఉంది" అంది. "ఉండనివ్వండి. మనిషి ఇంటికొస్తున్నాడు కదా."

అలా హరిచరణ్‌ ఫొటో ఒక్కటే దిగింది. ముఖ్య అతిథి రాలేదు. పెనాల్టీ మళ్ళీ ఒకసారి తన్ని చూపించారు. అందరూ రోటీలు, చేపల కూర తిని ఇళ్ళకి వెళ్ళారు.

ఆ కోతల కాలమంతా ఆర్మోగం చాలా సుఖపడ్డాడు. పై ఊళ్ళనించి ఆడటానికి వచ్చినవాళ్ళు గోడ చూసి, గడ్డి కోస్తున్న ముసలాయన్ని పిలిచి, ఈయనెవరు తాతా అని అడిగేవారు. గొప్ప గోల్‌కీపరు బాబూ, మనిషి మాత్రం లేడు అనేవాడు. పాపం అనేవారు వాళ్ళు. ఆ పాపం అన్న మాటని నోట్లో బెల్లం ముక్కలా చప్పరించుకుంటూ వెళ్ళి మళ్ళీ గడ్డి కోసేవాడు. ఒకసారి అవతలి జట్టు కుర్రాళ్ళు ఫొటోకి దణ్ణం పెడితే, వాళ్ళ వెనక నిలబడి అతనూ పెట్టాడు. ముక్కు వంకర పోవడంతో ఎవరూ పోల్చుకోలేదు. ఇంటికొచ్చి ఇదంతా చెబితే, పోయినవాడికి ఇంత ఆకలేమిటని అంగమ్మ ఇంకో గరిటె అన్నం వడ్డించేది.

దండ ఎండింది. పూలు టీపొడి రంగుకి వచ్చాయి. మారుస్తామన్నా మార్చనివ్వలేదు.

మిల్లు ఆ యేటి పొయ్యి ఆర్పే ముందు ఒక మధ్యాహ్నం, భోజనం చేసి, కాళ్ళు చాపుకుని, అరుగు మీద గోడకి చేరగిలబడ్డాడు. అంగమ్మ గిన్నెలు కడిగి వచ్చేసరికి పోయాడు. చెంబుతో నీళ్ళు అడిగి, అవి వచ్చేలోగానే.

దినాలు అయ్యాక దయానంద్‌, రఫీక్‌ మాస్టారు, ఆపెనీసా కొత్త దండ తీసుకుని క్లబ్బు దగ్గరికి వచ్చారు. అంగమ్మని కూడా తీసుకొచ్చారు. ఈసారి అన్నీ పద్ధతిగా జరగాలని దయానంద్‌ తనే నిచ్చెన ఎక్కాడు. పాత దండ మీద చెయ్యి వేశాడు.

"అది తియ్యకు నాయనా" అంది అంగమ్మ.

"ఎండిపోయిందమ్మా. ఇది ఇప్పుడు వేయాల్సిన దండ."

"తెలుసు. కానీ దాన్ని వేసుకుని రోజూ భోజనానికి ఇంటికొచ్చాడు."

దయానంద్‌ పాత దండ మీంచి చెయ్యి తీశాడు. రఫీక్‌ మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆపెనీసా నిచ్చెన పట్టుకున్నాడు, దయానంద్‌ దిగేదాకా.

అందరూ వెళ్ళిపోయారు. క్లబ్బు మెట్టు మీద, అరటాకు పొట్లం విప్పకుండానే, నీళ్ళు చిలకరించిన కొత్త బంతిపూల దండ చల్లగా ఉండిపోయింది.