కోసిన అంచులు

ఏలియా మాస్టారు ఆ పుస్తకం తెచ్చినప్పుడే చెప్పారు: "తిమ్మరాయప్పా, అట్ట ఒగటే వెయ్యి. కాగితాల జోలికి పోవద్దప్పా."

రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో అచ్చయిన పుస్తకం. దేవుడి భయం లేకున్నా మనిషి మంచిగా బతకగలడా అని అందులో వాదనట. దాన్ని పిల్లలకు చదివి వినిపించినందుకే మిషన్ బడిలో ఆయన ఉద్యోగం ఊడింది, చర్చిలో పేరు కొట్టేశారు. జబ్బుపడ్డాక మళ్ళీ మొదటినుంచి చదివి, అంచుల్లో పెన్సిలుతో తెలుగులో ఏదో రాసుకున్నారు.

అవెన్యూ రోడ్డులో ముప్పై ఏళ్ళుగా బైండింగు చేస్తున్నవాణ్ణి, నాకు ఒకరు చెప్పేదేమిటి? అంచులు కొయ్యకుండా ఇస్తే అది బైండింగా, నా మొహమా! మూడు పక్కలా అర అంగుళం కోసేశాను. ఆ ముక్కలు జిగురు కాచే పొయ్యిలోకి పోయాయి.

వారం తిరక్కుండానే మాస్టారు పోయారు. అది పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది, వానల కాలం. దేవుణ్ణి కాదన్నవాడికి తమ సమాధుల తోటలో చోటు లేదన్నారు పాస్టరుగారు. మాస్టారి భార్య రూతమ్మ ఆయన్ని బతిమాలి నా అంగడికి వెంటబెట్టుకొచ్చింది.

"ఆఖర్లో ఆయన మనసులో ఏముండాదో అంచుల్లో రాసినారు సార్. బైండు అయినాక చదువుదువులే అన్నారు నాతో," అంటూ నా బల్లమీదున్న పుస్తకం తెరిచింది. అంచులు నున్నగా ఉన్నాయి. పెన్సిలు రాత ఒక్క అక్షరం లేదు.

నా చేతులు పడిపోను! ఆమె మొహం చూడలేకపోయాను. "చదివినాకే కోసినా సార్," అనేశాను. "దేవుడుండాడు, నన్ను క్షమించు అని రాసినారు."

"ప్రమాణం చేస్తావా?" అన్నారు పాస్టరుగారు.

ఆయన చేతిలోని బైబిలు మీద చెయ్యి పెట్టి చేశాను. సాయంత్రానికల్లా మాస్టారికి చోటు దొరికింది.

మట్టి వేసి అందరూ వెళ్ళిపోయాక రూతమ్మ నా దగ్గరికి వచ్చింది. వానలో తడుస్తూనే నవ్వుతోంది.

"ఇరవై ఏళ్ళు ఆయన కోసం మోకాళ్ళ మీద ప్రార్థన చేసినానప్పా. ఏ మాటలతో రాసినారో, ఉండేది ఉండేట్టు ఒక్కసారి చెప్పు. నాకు అంతే చాలు."

పాస్టరుగారి ముందు గడగడా వచ్చిన అబద్ధం ఈమె ముందు రాలేదు.

"నేను చదవలేదమ్మా," అన్నాను.

తిట్టినా బాగుండేది. ఆమె ఆ మట్టికేసి ఒకసారి చూసింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పాస్టరుగారికి చెప్పొద్దప్పా. తవ్వి తీసేస్తారు."