రెండో గీత

ఉచ్చీరప్పన్న ఎమ్మెల్యేగా ఉన్న పదేళ్ళూ ఆయన సిఫారసు ఉత్తరాలన్నీ రాసింది నేనే. ఆయన సంతకంలో ఒక గుట్టు ఉండేది. కింద రెండు గీతలుంటే పని చేసి తీరాలి. ఒక్క గీతే ఉంటే, అడిగినవాళ్ళ తృప్తికి ఇచ్చిన కాగితమని అధికారులు పక్కన పడేయాలి. ఎవరికి ఎన్ని గీతలో ఆయన చెవిలో చెప్పేది నేనే. మంత్రాలయం దగ్గర అర్చకుల ఇంట పుట్టినవాణ్ణి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత నాకు బాగానే అతికింది.

ఆయన ఓడిపోయి పదేళ్ళు దాటింది. పక్షవాతంతో కుడిచెయ్యి సగం పడిపోయింది. ఆదోనిలో ఆయన ఇంటికి ఇప్పుడు వచ్చేది పాలవాడూ నేనూ.

నిన్న పొద్దున సంతోషమ్మ వచ్చింది. కౌతాళం అవతల పల్లెలో కూలి చేసుకునే మనిషి. ప్లాస్టిక్ కవరులోంచి పాత ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. రాత నాదే. పదహారేళ్ళ కిందట, ఆమె కూతురు రూతుకు బాలికల హాస్టల్లో సీటు ఇవ్వమని రాసింది. సంతకం కింద ఒక్కటే గీత.

ఎందుకు ఒక్కటే గీయించానో నాకు గుర్తుంది. వాళ్ళ ఊరి బూత్‌లో మాకు ఓట్లు తక్కువ పడ్డాయి. అంతే.

"రూతు ఏం చేస్తోందమ్మా?" అన్నాను.

"ఏం జేస్తాది సారూ! సీటు రాలే. ఆ యేడు మాతోనే గుంటూరు పక్క మిరపకాయలు తెంపను వచ్చింది. బడి ఆడికే నిలిచిపాయ. ఇప్పుడు దాని బిడ్డకు తొమ్మిదేండ్లు. మల్లా సుగ్గికి, ఆ మిరప కోతలకు పోయే కాలం వచ్చె. ఆ బిడ్డను గూడా ఎంటేసుకొని పోతే దాని సదువూ పోతాది. అందుకే పెద్దసారుతో ఇంకో కాగితం రాయించుకుందామని వచ్చినా."

"ఆయన ఇప్పుడు ఎమ్మెల్యే కాదమ్మా."

"తెలుసప్పా. కొత్తోళ్ళు గేటుకాడే నిలబెట్టినారు. మాకు సంతకం పెట్టిచ్చిన సారు ఈయనొక్కడే."

మంచం మీద ఉచ్చీరప్పన్న అంతా విన్నాడు. పాత ఉత్తరం అడిగి తీసుకుని, ఆ ఒంటి గీత మీద వేలు పెట్టాడు. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి సిగ్గేసింది.

"రాయి, జయతీర్థా," అన్నాడు.

రాశాను. ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని సంతకం పెట్టాడు. కింద ఒక గీత గీశాడు. రెండోది గీశాడు. చాలదనుకున్నాడేమో, మూడోది కూడా గీశాడు. ఆ గీతల అర్థం తెలిసిన అధికారులంతా ఎప్పుడో రిటైరయ్యారు.

సంతోషమ్మ రెండు కాగితాలూ అదే కవరులో పెట్టుకుంది.

"ఈ తూరి పని అయితాది గదా సారూ?"

ఆయన నా వైపు చూశాడు.

"అవుతుందమ్మా," అన్నాను. పదహారేళ్ళ కిందట ఆమెను పంపేటప్పుడూ ఇదే మాట అన్నాను.