గారెల పాట మింగిన క్యాసెట్

నేను ఒక క్యాసెట్‌ని. అలాగని సినిమా క్యాసెట్‌ననుకునేరు! పెళ్లి వీడియో క్యాసెట్‌ని. నా వీపు మీద 'చి.ల.సౌ. సత్యవేణి, చి. గంగరాజు, మండపేట' అని స్కెచ్ పెన్నుతో రాసి, పక్కన పువ్వో క్యాబేజీయో తెలియని బొమ్మ ఒకటి గీసి ఉంటుంది. గీసినవాడు సూరిబాబు. వీధి చివర స్టూడియో వాడిది. వాళ్ల బావ దుబాయ్ నుంచి ఖరీదైన కెమెరా తెస్తూ, సూట్‌కేసులో సబ్బుల మధ్య నన్నూ కుక్కుకొచ్చాడు. అందుకే నాకు ఈనాటికీ కాస్త సబ్బు వాసన.

ఆ కెమెరా సామాన్యమైనది కాదు. నా మీద ధ్వనిని రెండుచోట్ల రాసింది. అంచు వెంట సన్నగా ఒకసారి, బొమ్మల అడుగున లోతుగా ఇంకోసారి. సూరిబాబుకి ఈ సంగతి తెలియదు. కెమెరాతో వచ్చిన పుస్తకం చదివితే కదా! దాన్ని కుర్చీ కోడు కింద ఎత్తు పెట్టాడు.

సత్యవేణి వాళ్ల వైపు ఒక ఆనవాయితీ ఉంది. మగపెళ్లివారు భోజనాల బంతిలో కూర్చోగానే ఆడపెళ్లివారు వాళ్ల మీద పాట కట్టి ఆటపట్టిస్తారు. పాట పడినవాళ్లు నవ్వి ఊరుకోవాలి. అలిగారో, ఇంకో చరణం పడుతుంది. ఆ రోజు సత్యవేణి తల్లి మహాలక్ష్మమ్మ కొంగు నడుముకి దోపి, బంతి మధ్యలో నిలబడి వియ్యపురాలి మీద పాట అందుకుంది. పందిరంతా గొల్లున నవ్వింది. వియ్యపురాలు సుబ్బాయమ్మ మాత్రం ముఖం మాడ్చుకుని విస్తరి ముందునుంచి లేచిపోయింది.

ఆ తర్వాత గంగరాజు ఒక్కడే స్టూడియోకి వచ్చాడు.

"సూరిబాబూ, ఆ బంతిలో పాట ఉంది చూడు, దాని మీద ఏదైనా సినిమా పాట వేసెయ్యవయ్యా. మా అమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టట్లేదు. మా ఆవిడకి మాత్రం నేను చెప్పానని చెప్పకు, నీ పుణ్యముంటుంది."

సూరిబాబు అప్పట్లో ఊరూరా మోగుతున్న సినిమా పాట ఒకటి తెచ్చి నా అంచు మీద పులిమేశాడు. అంచు మీదున్న మహాలక్ష్మమ్మ గొంతు పోయింది. లోపలున్నది పోలేదు. అది నాకు తెలుసు. నన్నెవరడిగారు? పైగా గంగరాజు ఇంట్లో ఉన్న వీసీఆర్ యంత్రానికి అంచు తప్ప లోపలిది చదవడం రాదు.

సత్యవేణి మొదటిసారి చూసినప్పుడే అమ్మ నోరు కదులుతుంటే సినిమా పాట వచ్చింది. "ఆ సూరిబాబు చెయ్యి పడిపోనూ!" అని శపించింది. అప్పటినుంచి ఎవరి ఇంట పెళ్లయినా "ఆ దిక్కుమాలినవాణ్ణి మాత్రం పిలవకండి" అని ఊరంతా ప్రచారం. పక్కన గంగరాజు తల పంకించేవాడు. మగవాళ్ల మౌనం బంగారమంటారు కదా, నా ఎదుట అది ముప్పై ఏళ్లు నిగనిగలాడింది.

ఇంతలో మహాలక్ష్మమ్మ కాలం చేసింది. సుబ్బాయమ్మా వెళ్లిపోయింది. పాటలో మొదటి రెండు వరుసలే సత్యవేణికి గుర్తున్నాయి.

*గారెల గంపకు కాపలా పెడితే వియ్యపురాలమ్మా,*
*కాపలా మనిషే కరకర నమిలె కాదని చెప్పమ్మా.*

మిగతా రెండూ అల్లుడి మీద. అవి ఎంత తన్నుకున్నా రావు. ఇప్పుడు కూతురు లిఖితకి పెళ్లి కుదిరింది. బంతిలో నిలబడి అమ్మ పాట అమ్మలాగే పాడాలని సత్యవేణి పట్టు. సగం పాటతో నిలబడితే వియ్యపురాలే ఎదురు నవ్వుతుంది కదా! అదిగో, అందుకని బీరువాలో పట్టుచీరల కిందనుంచి నన్ను బయటికి లాగారు.

"ఇప్పుడు పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించే కన్వర్టర్లు వచ్చాయమ్మా. ఎక్కించాక పాటనీ మాటనీ విడదీసేవి కూడా ఉన్నాయి" అంది లిఖిత.

సత్యవేణి ముఖం వెలిగిపోయింది. గంగరాజు ముఖంలో కరెంటు పోయింది.

ఇక ఎంపిక మొదలైంది. గంగరాజుది రైస్‌మిల్లు బెల్టుల కొట్టు. ఏ వస్తువునైనా లాగి, వంచి, వాసన చూస్తేగాని నమ్మడు. ఒక కన్వర్టర్ మరీ చిన్నదన్నాడు. ఇంకోదాని వైరు పొట్టిదన్నాడు. మరొకదాని పెట్టె మీద బొమ్మలో ఉన్న అమ్మాయి నవ్వు నమ్మేలా లేదన్నాడు.

"ఏవండీ, వంకాయలు ఏరుతున్నారా? ఇలాగైతే దాని పెళ్లికి కాదు, దాని మనవరాలి పెళ్లికి పాడతాను!" అని సత్యవేణి కసిరింది.

చివరికి లిఖితే అగ్గిపెట్టెంత కన్వర్టర్ ఒకటి తెప్పించింది. ఇంట్లో యంత్రం ఏనాడో చచ్చింది కాబట్టి పక్కింటివాళ్ల అటక మీదిది దింపి, బల్లిగుడ్లు దులిపి, నన్ను అందులో పెట్టారు. ఆ అగ్గిపెట్టె ధర్మమా అని పెళ్లివారందరూ ఆకుపచ్చగా వచ్చారు. గంగరాజు అయితే గోంగూర కట్ట. ఆ కన్వర్టర్‌ని తిప్పి పంపి, సొంత తెర ఉన్న డబ్బా లాంటిది తెచ్చారు. అది మంచిదే, రంగులన్నీ దిద్దినట్టు వచ్చాయి. బంతి దగ్గర మాత్రం షరామామూలే, సినిమా పాట.

"ఉండమ్మా, విడదీస్తాను" అని లిఖిత ఏదో నొక్కింది. నిజంగానే విడిపోయింది. తబలా పోయింది, వయొలిన్లు పోయాయి. ఇక మిగిలింది ఒక్క గొంతు. కొంగు దోపుకున్న మహాలక్ష్మమ్మ నోట్లోంచి, గాయకుడెవరోగాని, నవయువకుడి గొంతు ప్రేయసిని పిలిచింది.

లిఖిత ఫక్కున నవ్వబోయి తల్లిని చూసి ఆగిపోయింది. సత్యవేణి ఏడుస్తోంది. "అమ్మ ఫొటోలు బోలెడున్నాయే. గొంతే లేదు. పాట కోసం అంటున్నానుగాని, నాకు ఆ గొంతు వినాలనుందే" అంది.

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. చెప్పే ధైర్యం లేనివాడు ఏదో ఒక పని పెట్టుకుంటాడు. గంగరాజు ఆ పూట మళ్లీ నన్ను పట్టుకున్నాడు. అటక మీది యంత్రంలో పెట్టి, ఇంకోసారి చూద్దామని మీట నొక్కాడు. అది నా టేపుని నూడుల్స్‌లాగా నమిలింది. సమయానికి లాగాడుగాని, లేకపోతే ఈ ఆత్మకథ చెప్పడానికి నేను ఉండేదాన్ని కాదు. ఊళ్లో పనిచేసే యంత్రం ఇంకెవరి దగ్గరుంది? ఒక్క సూరిబాబు దగ్గరే.

సూరిబాబు ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నాడు. గంగరాజు కబురందుకుని, పాత పరిచయం కొద్దీ, దుబాయ్ బావ కెమెరాతోపాటు తెచ్చిన పెద్ద యంత్రాన్ని తనే మోసుకొచ్చాడు. గడపలో అడుగు పెట్టాడో లేదో, సత్యవేణి అందుకుంది.

"రావయ్యా, రా! మా అమ్మ నోట్లో సినిమా పాట కుక్కావు కదా! నీకు మేమేం ద్రోహం చేశాం?"

"ఆయ్, నేనెందుకేత్తానమ్మగారూ? ఏయించారండి" అని సూరిబాబు గంగరాజు వైపు చూశాడు.

గంగరాజుకి పొలమారింది. మంచినీళ్లు తాగుతుంటే కాదు, ఊరికే నిలబడి ఉండగా.

"ఎవరు వేయించారు?" అంది సత్యవేణి.

జవాబు చెప్పాల్సిన గండం ఆ క్షణానికి నేనే తప్పించాను. పెద్ద యంత్రానికి లోపలి ధ్వని చదవడం వచ్చు. పసుపు వైరు, ఎర్ర వైరు, తెల్ల వైరు డబ్బాకి తగిలించగానే తెర మీద బంతి వచ్చింది. విస్తళ్ల గలగల వినిపించింది. దాని వెనకే, ముప్పై ఏళ్లు నా కడుపులో దాచుకున్న గొంతు లేచింది.

*అల్లుడు బుద్ధిమంతుడు, మాటే ఆడడు, నిజమమ్మా,*
*నోటినిండా బూరెలుంటే మాటెలా వచ్చునమ్మా!*

"అమ్మా!" అంది సత్యవేణి. తెర మీద చెయ్యి ఆనించి కూర్చుండిపోయింది.

పాట అయ్యాక పందిట్లో నవ్వులు. అందరికంటే పెద్ద నవ్వు ఒకటుంది. నోట్లో బూరెతోనే, బాసికం కట్టుకున్న కుర్రాడు ఒకడు అరుస్తున్నాడు. "మళ్లీ పాడండి అత్తయ్యగారూ! ఇంకోసారి!"

సత్యవేణి తల తిప్పి మొగుడి వంక చూసింది.

"అంతగా నవ్వినవారు, ఎందుకండీ వేయించారు?"

"మా అమ్మ అలిగిందే..." అన్నాడు గంగరాజు, గోడకి చెబుతున్నట్టుగా.

సత్యవేణి ముందు సూరిబాబుకి కాఫీ ఇచ్చింది. మొగుడికి మర్నాడు ఇచ్చింది, చక్కెర లేకుండా.

లిఖిత పెళ్లి నేను కళ్లారా చూడలేదు. టీవీ పక్కన కూర్చుని వీడియోలో చూశాను. సత్యవేణి కొంగు దోపుకుని నాలుగు వరుసలూ పాడింది. కొత్త వియ్యపురాలి ముఖం మాడింది. కొత్త అల్లుడు నవ్వబోయి, తల్లి ముఖం చూసి, బూరె చేతిలో పట్టుకుని బిగుసుకుపోయాడు. అప్పుడు గంగరాజు నెయ్యి గిన్నెతో వాడి పక్కకి వంగాడు. గుసగుసగానే అన్నాడుగాని మైకు పట్టేసింది.

"నవ్వెయ్ బాబూ, ఇప్పుడే నవ్వెయ్. మీ అమ్మ అలకకి జడిసి దాచావో, మళ్లీ నవ్వాలంటే ముప్పై ఏళ్లు పడుతుంది."